మూల మడత

గుమ్మలవలస ప్రభుత్వాసుపత్రిలో రోగుల కంటే రోగుల కాగితాలకే జాగా ఎక్కువ. రోగులకు ముప్పై మంచాలు. కాగితాలకు మూడు గదులు, ఒక వరండా, చక్రాలు ఊడిపోయిన అంబులెన్సు ఒకటి. ఆ సామ్రాజ్యానికి ఇరవై ఎనిమిదేళ్ళుగా ఏకచ్ఛత్రాధిపతి పోలినాయుడు. ఛత్రం మాట ఉత్తుత్తిదేం కాదు, వానాకాలంలో ఆ గదిలో గొడుగు వేసుకునే కూర్చునేవాడు.

"నానూ చెదలూ అన్నదమ్ములం. ఇద్దరం కాయితం మీదే బతుకుతన్నాం. అది తిన్న కాయితానికి లెక్క నేదు, నాను తిన్న తిట్లకి లెక్క నేదు" అనేవాడు వచ్చినవాళ్ళతో. జ్వరంతో వణుకుతూ వచ్చిన మనిషి కూడా ఆయన కిటికీ దగ్గర ఒకసారి నవ్వి, చీటీ తీసుకుని, ఆ తర్వాతే వణుకు కొనసాగించేవాడు. ఊళ్ళో ఆయన ఏం మాట్లాడినా నవ్వడం అలవాటైపోయింది. ఈ అలవాటు సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది. ఆయనకి పనికి రాలేదు.

ఆ కాగితాల్లో ఒక రహస్యం ఉండేది. కొందరి మొదటి కాగితానికి కుడివైపు పైమూల లోపలికి మడిచి ఉంటుంది. మడత ఉంటే ఆ మనిషికి పెన్సిలిన్ సూది పడదని అర్థం. ఈ సంగతి ఏ కాగితం మీదా రాసి ఉండదు. పెద్ద నర్సు ఎస్తేరమ్మ పెట్టిన ఆచారం అది. సూది వికటించిందని డాక్టరు రాస్తే, పరీక్ష చెయ్యకుండా ఎందుకు పొడిచారని పైనుంచి తాఖీదు వస్తుంది. అందుకని డాక్టర్లు "వాంతులు, గమనించి ఇంటికి పంపడమైనది" అని రాసి చేతులు దులుపుకునేవారు. నర్సు రాద్దామంటే కేసు కాగితం మీద ఆవిడకు రాసే అధికారం లేదు. ఒకసారి రాసినందుకు ఎస్తేరమ్మకే తాఖీదు వచ్చింది. అప్పటినుంచి ఆవిడ రాయడం మానేసి మడవడం మొదలుపెట్టింది. రాస్తే నేరం గాని మడిస్తే నేరం కాదు కదా. ఆవిడ వెనక వచ్చిన నర్సులంతా మడిచారు. కాగితం చేతికి రాగానే బొటనవేలు మూలకి పోయేది. మడత తగిలితే సూది మారేది. రోగులు బతికేవారు. డాక్టర్ల పేరు నిలిచేది.

పోలినాయుడి భార్య అచ్చియ్యమ్మ కాగితానికీ ఆ మడత ఉంది. పంతొమ్మిదేళ్ళ కిందట కాలికి పుండు పడితే సూది పొడిచారు. గుమ్మం దాటేలోపు పెదవులు ఉబ్బి, ఊపిరి ఆడక పడిపోయింది. ఎస్తేరమ్మ విరుగుడు సూది వేసి, గుండె నొక్కి బతికించింది. ఆ సాయంత్రం ఆవిడ కాగితం మూల మడిచి, పోలినాయుడి చేతికిస్తూ, "ఈ మూల జాగర్త నాయుడూ. మీ ఇంటి దీపం ఇందులో ఉంది" అంది.

* * *

మేక వచ్చింది సంక్రాంతి వెళ్ళిన మూడోవారం. ప్రభుత్వం పెట్టిన పేరు చాలా పొడుగు, పలికేవాడికి దాహం వేసేది. కాగితాలు మేస్తుంది కాబట్టి ఆసుపత్రిలో అందరూ మేక అనే అన్నారు.

బీరువా అంత యంత్రం. ఒకవైపు నోరు, ఒకవైపు తోక. నోట్లో కాగితం పెడితే లోపల ఏదో చల్లటి ఆవిరి పట్టి, సిరాను అణువణువుగా ఊడబెరికి రుచి చూస్తుంది. రుచినిబట్టి ఆ సిరా ఏ ఏటిదో, ఏ చెయ్యి రాసిందో, కొట్టేసిన మాటకింద ఏముందో చెప్పేస్తుంది. తోకవైపునుంచి కాగితం తెల్లగా, కొత్తగా, ఏ పాపం ఎరగనట్టు బయటికి వస్తుంది. చదవడమూ చెరపడమూ దానికి ఒకటే పని.

"పచ్చిగడ్డి మేసిన మేక పాలిస్తాది. ఇది కాయితం మేసి ఏటిస్తాది సార్?" అన్నాడు పోలినాయుడు.

"డేటా" అన్నాడు ఇంజనీరు ఫణిభూషణ్. ముప్పై ఏళ్ళుండవు. మంచివాడు, తొందర మనిషి.

"ఏటా? ఏటా అయితే మరి నెలకోపాలి అక్కర్నేదా?"

అందరూ నవ్వారు. ఫణిభూషణ్‌కి అర్థం కాక, అయినా నవ్వాడు.

పరీక్షకి ఒక కాగితం పెట్టారు. పసుపు మరకలు, చెదలు తిన్న అంచులు, పోలినాయుడికే చదవ శక్యం కానిది. మేక మింగింది. దాని వీపుమీది గాజుపలకలో అక్షరాలు వెలిగాయి. రోగి పేరు, ఊరు, మందు. అక్కడితో ఆగలేదు. "ఈ తేదీ ఆనాడు కాక తరువాత వేసినది" అని కూడా చూపింది. ఆ తేదీన పాత డాక్టరుగారు తీర్థయాత్రలో ఉన్నారని ఆసుపత్రిలో అందరికీ తెలుసు. ఒక్కసారి అందరూ గొంతు సవరించుకున్నారు.

పోలినాయుడికి ఆ క్షణంలో మేకమీద భక్తి పుట్టింది. తనకు ఇరవై ఎనిమిదేళ్ళుగా కనిపించని దాన్ని ఇది ఒక్క నములుకి కనిపెట్టింది. దీని కంటికి ఆననిది ఏముంటుంది అనుకున్నాడు.

పని మొదలైన రెండోరోజే మేకకు గొంతు పట్టింది. కక్కించి చూస్తే మూల మడిచిన కాగితం.

"మడతలు పనికిరావు నాయుడుగారూ. కాగితం బల్లపరుపుగా ఉండాలి. మడతలన్నీ విప్పి ఇస్త్రీ చేసి పెట్టండి" అన్నాడు ఫణిభూషణ్.

"మూలలు మడిసినవి ఉన్నాయి సార్ కొన్ని. అయి..."

"అవే విప్పమంటున్నాను."

పోలినాయుడు నోరు తెరిచాడు. ఆ వాక్యం పూర్తిచేస్తే నర్సుల రహస్యం బయటపడుతుంది. రాయకూడనివాళ్ళు ఇన్నేళ్ళు రాస్తూ వచ్చారని తేలుతుంది. పాత తాఖీదులు లేస్తాయి, ఎస్తేరమ్మ పింఛను ఆగుతుంది. పైగా ఉగాదికల్లా జిల్లాలో మొట్టమొదటి కాగితాల్లేని ఆసుపత్రి ఇదే కావాలని గడువు. అన్నీ చూసే మేక దీన్ని మాత్రం చూడదా అనుకున్నాడు. ఆ వాక్యాన్ని అక్కడే మడిచి, "మడత పేచీ ఏటీ నేదు సార్, చేసేస్తాం" అన్నాడు. మళ్ళీ అందరూ నవ్వారు.

* * *

వరండాలో బల్ల వేశారు. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే సీతాలు తన బొగ్గుల పెట్టె తెచ్చుకుంది.

"దుప్పట్లు సేసినాను, డాకటర్ల కోట్లు సేసినాను, కాయితాలు సెయ్యడం ఇదే. ఇయి ఎవులు తొడుక్కుంటారు బాబూ?"

"గవర్మెంటు తొడుక్కుంటాది. మనకి ఇప్పుతాది."

"నీ నోట్లో నోరెట్టకూడదు" అని సీతాలు పెట్టె జరిపింది. ఇస్త్రీ కింద మూలలు ఒక్కొక్కటే నిటారుగా లేచి, ఆవిరి వదిలి, చదునైపోయాయి. పోలినాయుడు మడత విప్పి అందిస్తే ఆవిడ రుద్దేది. రోజుకి వెయ్యి కాగితాలు. ముప్పై ఎనిమిది వేలమంది చరిత్ర.

పదకొండో రోజున అచ్చియ్యమ్మ కాగితం చేతికొచ్చింది. ఆయన బొటనవేలు మూలమీదికి పోయి ఆగింది. పంతొమ్మిదేళ్ళ మడత, వేలు తగిలితేనే విరిగేట్టు ఉంది.

"ఏటి బాబూ, ఆగిపోనావు? పెట్టె సల్లారిపోతాది."

"మా ఆడదానిది."

"ఓలమ్మ. అయితే బాగా సేస్తానుండు" అంది సీతాలు. నిజంగానే బాగా చేసింది. నీళ్ళు చిలకరించి మరీ రుద్దింది.

ఆ సాయంత్రం ఇంటి దగ్గర అచ్చియ్యమ్మ చేపలు తోముతుంటే ఈ సంగతి చెప్పాడు. "నీ కాయితం కూడా ఎక్కించేసినానే. ఇంక నువ్వు, ఆ ఇంజనీరు అన్నట్టు, మబ్బులో ఉన్నావు. వాన పడితే పడిపోగలవు."

"పడితే నీ నెత్తినే పడతాను, ఎక్కడికి పోతాను." ఒక పొలుసు ఎగిరి ఆవిడ బుగ్గకంటుకుంది. తుడుచుకోలేదు. "మరి ఆ సూది సంగతో?"

"అదంతా దానికి తెలుసు. దానికి తెలనిది నేదు."

"నువ్వు దగ్గరుండి ఎక్కించినావు గదా. అయితే సరే" అందావిడ.

* * *

కాగితాలయిపోయాక గోడకి అద్దం వచ్చింది. రోగి వచ్చి అద్దానికి అరచెయ్యి ఆనిస్తే చాలు, చీటీలేదు, కిటికీ లేదు. మెత్తటి ఆడగొంతు పేరు పిలుస్తుంది, పాత జబ్బులు చెబుతుంది. చివర్న "పడనివి" అన్న గడి ఉంటుంది. పాత కాగితం మీద దానికి సిరా దొరికి ఉంటే, దొరికింది రాస్తుంది. దొరక్కపోతే "ఏవీ లేవు" అని తానే రాస్తుంది. "తెలియదు" అని రాయడం దానికి నేర్పలేదు. గడి ఖాళీగా ఉంటే లెక్క పూర్తయినట్టు కాదట. డాక్టరు అద్దంలో మందు ఒప్పుకోగానే పక్కన మందుల బీరువా తలుపు తెరుచుకుంటుంది. పడనివి ఏవీ లేకపోతే చిన్న పరీక్షసూది కూడా అక్కర్లేదని నిర్ణయించుకుని, తిన్నగా అసలు సూదే ఇస్తుంది.

పాత నర్సులకి ఈలోగానే బదిలీలయ్యాయి. కొత్తవాళ్ళకి మడత తెలీదు, కాగితమే తెలీదు.

"ఇచ్చట కాగితము ఏదియు మిగిలి లేదు, సర్వమూ యథాతథముగా ఎక్కించబడినది" అన్న పత్రం మీద పోలినాయుడు సంతకం చేశాడు. ఆసుపత్రిలో రాత ఉన్న ఆఖరి కాగితం అదే. దాన్ని జిల్లా కేంద్రంలో అందజేయడానికి బస్సెక్కాడు. అక్కడ శాలువా కప్పారు. వేదికమీద రెండు జోకులేశాడు, పెద్దవాళ్ళు కూడా నవ్వారు.

అచ్చియ్యమ్మ అంతకు రెండు రోజుల ముందే పెరట్లో తుప్పు మేకు తొక్కింది. అదే మధ్యాహ్నం జ్వరం తగిలి, కాలు వాచి, ఆసుపత్రికి నడిచే వెళ్ళింది. జరిగింది ఆయనకి ఆరోజు డ్యూటీలో ఉన్న డాక్టర్ సంహితే చెప్పింది, వరండాలో నిలబడి, ఆయన మొహంలోకి చూడకుండా.

"సూది తీస్తుంటే ఆవిడ అన్నారండీ, నాకేదో సూది పడదు అని. నేను ఆగాను. ఏ సూది అంటే పేరు తెలీదన్నారు. అద్దంలో చూశాను. ఏవీ లేవు అని ఉంది. ఇందులో అలా లేదమ్మా అన్నాను."

"మరి?"



"అప్పుడు ఆవిడ... 'మా ఆయన దగ్గరుండి ఎక్కించినాడమ్మా. అందులో నేదంటే నేదన్నట్టే. నాకే మతిమరుపు' అని చెయ్యి చాపారండీ."

ఊపిరి ఆగిపోతున్నప్పుడు విరుగుడు మందుకోసం బీరువా తలుపు లాగారు. అది తెరుచుకోలేదు. పడనివి ఏవీ లేని మనిషికి విరుగుడు దేనికో "కారణము తెలుపగలరు" అని మెత్తగా అడిగింది. డాక్టరు కారణం తెలుపుతూనే ఉంది. ఆమోదం వచ్చేసరికి నాలుగు నిమిషాలు.

పోలినాయుడి భుజంమీద శాలువా ఇంకా అలాగే ఉంది.

* * *

దినకార్యాలయ్యాక ఆయన ఫణిభూషణ్ దగ్గరికి వెళ్ళాడు. ఎస్తేరమ్మ పింఛను పోతే పోనీ అనుకుని మడత సంగతి మొత్తం చెప్పాడు.

"ఎంతమంది నాయుడుగారూ?"

"తెలదు సార్. రెండొందలు దాటే ఉంటారు. పేర్లు గుర్తున్నవి పదకొండు."

"మీరెందుకు చెప్పలేదు?"

"నువ్వెందుకు అడగనేదు బాబూ?"

ఆ రెండు ప్రశ్నలకీ జవాబు ఒకటే. ఇద్దరికీ గడువు ఉంది.

ఫణిభూషణ్ పైకి రాశాడు, సంహితా రాసింది. జవాబు పదిరోజులకొచ్చింది. ఎక్కించిన దాన్ని మార్చాలంటే మూలప్రతి చూపాలి. మూలప్రతి లేనప్పుడు అద్దంలో ఉన్నదే మూలప్రతి. అందరికీ మళ్ళీ పరీక్ష పెడదామంటే ముప్పై ఎనిమిది వేలమంది, తగిన కారణం చూపలేదు. జరిగిన మరణానికి సిబ్బంది పొరపాటు కారణమా అన్నది విచారించాలి. విచారించారు. సంహితకి బదిలీ అయింది, ఫణిభూషణ్‌ని ఇంకో జిల్లాలో ఇంకో మేక దగ్గరికి పంపారు. వెళ్ళేముందు అతను పోలినాయుడి చేతులు పట్టుకుని, "అక్కడ మడతలు చూస్తానండీ" అన్నాడు. అక్కడివాళ్ళు మూల మడుస్తారో, దారం కడతారో, కుంకం బొట్టు పెడతారో ఎవరికి తెలుసు.

ఆ పదకొండుమంది ఇళ్ళకీ పోలినాయుడు నడిచి వెళ్ళి చెప్పాడు. మిగిలినవాళ్ళ కోసం ఎస్తేరమ్మని వెతుక్కుంటూ వెళ్ళాడు. ఆవిడ చెల్లెలి కొడుకు దగ్గర ఉంటోంది. చూపు మందగించింది. అంతా విని, తడుముకుని ఆయన చెయ్యి పట్టుకుంది.

"పేర్లు చెప్పండి సిస్టరమ్మా. ఎన్ని గుర్తుంటే అన్ని."

ఆవిడ కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలాయి. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ దగ్గరకొచ్చి, గాల్లో ఒక మూలని మడిచాయి. మళ్ళీ మడిచాయి. మళ్ళీ.

"ఒక్కరూ రావట్లేదు నాయుడూ" అంది చివరికి. "పేర్లు గుర్తుపెట్టుకోనక్కర్లేకుండా ఉండడానికే కదయ్యా నేను మడత పెట్టింది."

* * *

మేక వదిలిన తెల్లకాగితాలు మళ్ళీ వాడుకోవడానికని పాత అంబులెన్సులో గోనెసంచుల్లో పోసి ఉంచారు. పోలినాయుడు అక్కడ కూర్చుని ఒక్కొక్క కాగితం ఎండకెత్తి చూడడం మొదలుపెట్టాడు. మూలప్రతి అన్నారు కదా, అందులో మూల అన్నా దొరక్కపోతుందా అని. ఒకప్పుడైతే ఈ మాటకి తనే నవ్వుకునేవాడు.

దొరికింది. మేక సిరానంతా తినగలిగింది గాని మడతని తినలేకపోయింది. సీతాలు ఎంత రుద్దినా కాగితం నరాల్లో ఆ గీత అలాగే ఉంది. ఎండకెత్తితే కుడివైపు పైమూలన వెంట్రుకంత గీత కనిపిస్తోంది. నలభై రోజులు సంచులన్నీ వెతికాడు. అలాంటివి రెండు వందల పదహారు. ప్రతి గీతా ఒక మనిషి. పేరున్న చోట గీత లేదు, గీత ఉన్న చోట పేరు లేదు. అందులో ఒకటి అచ్చియ్యమ్మది. ఏదో తెలీదు. ఆ పదకొండుమందివీ ఏవో తెలీదు. అందుకని ఒక్కటి కూడా పక్కకి తియ్యలేకపోయాడు.

ఆ కట్ట ఒళ్ళో పెట్టుకుని ఇప్పుడు రోజూ ఆసుపత్రి బల్లమీద కూర్చుంటాడు. వచ్చిన ప్రతివాళ్ళనీ అడుగుతాడు, "నీకేదైనా సూది పడదా?" అని.

"నీ మాట పడదు నాయుడూ" అని ఒకడు నవ్వుతాడు. "ఇందులో జోకేటో చెప్పీ మరి" అని ఇంకొకడు ఆగి చూస్తాడు. వేదికమీద శాలువా కప్పించుకున్న మనిషి, ఇరవై ఎనిమిదేళ్ళు నవ్వించిన మనిషి. ఆయన నోటినుంచి నవ్వు రాని మాట ఎలా వస్తుందో ఊరికి తెలీదు. నవ్వడానికి ఏదీ దొరక్కపోతే, పెళ్ళాం పోయిన దగ్గర్నుంచి పాపం అలా అయిపోయాడని చెప్పుకుంటూ అద్దం దగ్గరికి పోతారు. చాతుర్మాసం వెళ్ళేలోపు అలా వెళ్ళినవాళ్ళలో ఇద్దరు తిరిగి రాలేదు. రికార్డులో వాళ్ళకి పడనివి ఏవీ లేవు.

సోమవారం. వరస గుమ్మం దాటి ఉంది. కొండదిగువ నుంచి వచ్చిన ముసలావిడ ఒకర్తె, కాలికి గుడ్డ కట్టుకుని, అద్దానికి చెయ్యి ఆనించింది. మెత్తటి గొంతు ఆవిడ పేరు పిలిచింది. పడనివి ఏవీ లేవంది. కొత్త డాక్టరు అద్దంలో వేలు తాకించాడు. బీరువా తలుపు తెరుచుకుంది.

"అమ్మా" అన్నాడు పోలినాయుడు లేచి. "నీకు పడని సూదేదైనా ఉన్నాదా? ఎప్పుడైనా పొడిస్తే ఊపిరాడక పడిపోనావా? బాగా ఆలోచించి చెప్పు."

ముసలావిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. నొసలు ముడుచుకుంది.

"ఏటో బాబూ. ఎప్పుడో ఎస్తేరు సిస్టరమ్మ ఉన్నప్పుడు ఏదో అన్నాది. నాకు జ్ఞాపకం నేదు." ఆయన చేతుల్లోంచి జారిపోతున్న తెల్లకట్టని చూడగానే ఆవిడ మొహం విప్పారింది. "నా కాయితం నీ దగ్గిరున్నాది గదా. అందులో ఉంటాది, సూడు బాబూ."

పోలినాయుడు కట్టకేసి చూశాడు. నర్సు ఆవిడ మోచెయ్యి పట్టుకుని రవిక చేతిని పైకి జరిపింది.

అద్దం తర్వాతివాళ్ళని రమ్మంది.